ఓడిన బడికి ఏం మిగులుతుంది?

ఏ పోటీ పెట్టినా విజేత దొరక్క మానడు. పదిమంది పిల్లల్ని గీత మీద నిలబెట్టి ఈల ఊదితే ఎవరో ఒకరు ముందు వస్తారు. కప్పు, ప్రశంసాపత్రం, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వాటంతట అవే వస్తాయి. అందుకే విజేతను చూపించి పోటీ బాగా జరిగిందని చెప్పుకోవడానికి లేదు. మిగతా తొమ్మిదిమంది తిరిగి వెళ్తూ ఏం పట్టుకెళ్లారని అడగాలి. మండల స్థాయి కబడ్డీలో మొదటి ఆటలోనే ఓడిన బడికి కూడా ఒక జట్టు మిగులుతుంది, సున్నంతో గీసిన కోర్టు మిగులుతుంది, సాయంత్రం అరగంట కూత పెట్టే అలవాటు మిగులుతుంది. ఆ బడి వచ్చే ఏడు మళ్లీ వస్తుంది. ఉన్నత పాఠశాల పిల్లలకు ప్రాంతీయ స్థాయిలో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పోటీ ఎలా నిర్వహించాలన్న ప్రశ్నను కూడా ఈ కొలతతోనే చూడాలన్నది ఈ వ్యాసం వాదన. ఓడిన బడికి ఏం మిగలాలో ముందే తేల్చుకుంటే మిగతావన్నీ దాని వెంటే తేలతాయి: ప్రశ్నపత్రం ఎలా ఉండాలి, ఏ భాషలో ఉండాలి, ఏ తరగతి పిల్లలు రావాలి, కంప్యూటరు ఏ దశలో రావాలి.

ఈ ప్రశ్నను హైదరాబాదులో కూర్చుని కాక బీర్కూర్ వైపు నుంచి చూడటం మేలు. మంజీర ఒడ్డున, నిజాంసాగర్ కాలువ కింద వరి పండే మండలం ఇది. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడ్డ కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లో ఉంది. నస్రుల్లాబాద్ దీన్నుంచే వేరుపడి కొత్త మండలమైంది. డివిజన్‌లో ఒకవైపు బాన్సువాడ పట్టణం, మరోవైపు మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని మద్నూర్, జుక్కల్. నడుమ పిట్లం, బిచ్కుంద. ఇక్కడి పిల్లల చెవిన తెలుగుతో పాటు ఉర్దూ పడుతుంది, సరిహద్దు ఊళ్లలో మరాఠీ, కన్నడం కూడా పడతాయి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు, గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, చిన్నాచితకా ప్రైవేటు బడులు కలిస్తే ఇక్కడి బడి లోకం. నగరంలో కుట్టిన చొక్కాను తెచ్చి ఈ లోకానికి తొడిగితే ఎక్కడ బిగుస్తుందో, ఇక్కడి కొలతలతో కుట్టాలంటే ఏం చేయాలో చూద్దాం.

జల్లెడలూ జాతరలూ

బడి పిల్లల ప్రోగ్రామింగ్ పోటీలన్నింటికీ శిఖరం అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్. అది పుట్టింది మహానగరంలో కాదు. 1989 మే నెలలో, బల్గేరియాలోని ప్రావెత్స్ అనే చిన్న పట్టణంలో, 13 దేశాల నుంచి వచ్చిన 46 మంది పిల్లలతో మొదలైంది. అయితే ఆ పట్టణం పేరుతోనే బల్గేరియా సొంత కంప్యూటర్లు తయారుచేసి అప్పటికే బడులకు పంపింది. ఊరు చిన్నదే కానీ యంత్రాలకు కొదవ లేదు. మన దేశం ఈ ఒలింపియాడ్‌కు 2002 నుంచి జట్టును పంపుతోంది. దానికోసం కంప్యూటింగ్ పరిశోధకుల సంఘమైన ఐఏఆర్‌సీఎస్, చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ అండతో భారత కంప్యూటింగ్ ఒలింపియాడ్‌ను నడుపుతోంది. జోనల్ స్థాయి పరీక్షలు, ఆపైన జాతీయ స్థాయి, ఆపైన శిక్షణ శిబిరం, చివరికి నలుగురు సభ్యుల జట్టు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ అనే మొదటి మెట్టు ఏళ్ల తరబడి కంప్యూటరు ముఖం చూడకుండా కాగితం మీద రాసిన పరీక్ష. ఒకే సమస్యను మూడు రకాల అంకెలతో, ఒకదానికంటే ఒకటి కష్టంగా ఇచ్చేవారు. పద్ధతి కనిపెట్టకుండా ఊహతో మొదటిది చేయగలిగినా మూడోదానికి వచ్చేసరికి చేతులెత్తేయాల్సిందే. ప్రోగ్రామింగ్ రాని పిల్లల్లోనూ ప్రోగ్రామింగ్ బుద్ధిని పట్టుకోవచ్చని తేల్చిన ప్రయోగం మన దేశంలోనే జరిగింది.

అయినా ఆ నిచ్చెన మొదటి మెట్టు బీర్కూర్ పిల్లలకు అందనంత ఎత్తులోనే ఉంది. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి, కేంద్రాలు ప్రధానంగా నగరాల్లో ఉంటాయి, సంగతి తెలిసేదే ఎవరికో ఒకరికి. దాన్ని తప్పుపట్టి లాభం లేదు. దేశమంతటి నుంచి నలుగురిని ఏరడానికి పెట్టిన జల్లెడ అది; కింద రాలినవాటి బాగోగులు జల్లెడ పని కాదు. దీనికి భిన్నమైన ధోరణి 2004లో లిథువేనియాలో వలెంతీనా దగియెనె చొరవతో మొదలైన ‘బెబ్రాస్’. ఆ మాటకు నీటికుక్కను పోలిన బీవర్ అనే జంతువని అర్థం. ప్రోగ్రామింగ్ రానక్కర్లేని చిన్న చిన్న చిక్కుప్రశ్నలతో, వీలైనంత మంది పిల్లల్ని కూర్చోబెట్టడమే దాని లక్ష్యం. మన దేశంలో ఏసీఎం ఇండియా వారి సీఎస్ పాఠశాల కార్యక్రమం దీన్ని పలు భారతీయ భాషల్లో నడుపుతోంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి పోటీని కాగితం మీదే పెట్టారు. బ్రెజిల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో చిన్న తరగతులకు కంప్యూటరు లేని విభాగం ప్రత్యేకంగా ఉంది. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, ఆయన సహచరులు కంప్యూటరు లేకుండానే కంప్యూటర్ శాస్త్రం నేర్పే ఆటలను రూపొందించి ప్రపంచానికి ఉచితంగా పంచారు. ఒలింపియాడ్ జల్లెడ అయితే బెబ్రాస్ జాతర. జాతరకు ఎవరైనా రావచ్చు, ఎవరూ ఉత్త చేతులతో పోరు. ప్రాంతీయ పోటీ మొదట్లో జాతరగా ఉండి, చివరికి మాత్రమే జల్లెడ కావాలి. ఇప్పుడు మన దగ్గర పెట్టే పోటీలు చాలావరకు మొదటి రోజే జల్లెడ పట్టుకుని కూర్చుంటాయి.

యంత్రం ముందొస్తే ఏమైంది?

‘ముందు ప్రతి బడికీ కంప్యూటర్లు ఇవ్వండి, పోటీ సంగతి తర్వాత’ అనేవారు చాలామంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మన అనుభవం వేరే చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య మొదలుపెట్టారు. ప్రైవేటు సంస్థలే యంత్రాలు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి, ఆ తర్వాత బడికి అప్పగించి వెళ్లిపోవాలన్నది ఒప్పందం. గడువు తీరింది. బోధకులు వెళ్లిపోయారు. యంత్రాలు మాత్రం మిగిలాయి, వాటిని ముట్టుకునేవారు లేక ఎన్నో బడుల్లో గదికి తాళం పడింది. ఇక్కడ లోపం యంత్రాల సంఖ్యలో లేదు. ఆ గదిలోకి పిల్లలు ఎందుకు వెళ్లాలన్నదానికి బడి దగ్గర సొంత కారణం లేకపోవడంలో ఉంది. పదో తరగతి బోర్డు పరీక్షలో కంప్యూటర్ అనే సబ్జెక్టు లేదు. మార్కులు తేని చదువును బడి మొయ్యదు. పిల్లలు రావడానికీ, లెక్కల మాస్టారు తాళం తీయించడానికీ ఒక కారణం కావాలి. ఆ కారణాన్ని పుట్టించడమే పోటీ పని. యంత్రం ప్రశ్నను పుట్టించదు. ప్రశ్న పుడితే, అవతలి వీధిలోని పాత ల్యాప్‌టాప్ అయినా సరే, యంత్రం వెతుక్కుంటూ వెళ్లే పిల్లలు తయారవుతారు.

కాబట్టి వరుస తిరగబడాలి. బడి స్థాయి, మండల స్థాయి కాగితం మీద జరగాలి. డివిజన్ స్థాయిలో మాత్రమే కంప్యూటరు రావాలి. ఈ మెట్ల పద్ధతికి కొత్తగా నమూనా వెతకనక్కర్లేదు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి సైన్స్ సంబరాలు బడి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి ఏళ్లుగా సాగుతున్నాయి. పల్లె బడుల సైన్స్ టీచర్లకు ఆ పేరు కొత్త కాదు. అందులో పిల్లలు ఒంటరిగా కాక ముగ్గురు ముగ్గురు జట్టుగా వస్తారు. కాలేజీ విద్యార్థుల ప్రపంచ ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీలోనూ జట్టుకు ముగ్గురే, వారికి ఒకే కంప్యూటరు, 5 గంటల సమయం. ఒకరు టైపు చేస్తుంటే ఇద్దరు కాగితం మీద తప్పులు వెతుకుతారు. ఆ నియమం పేదరికం వల్ల వచ్చింది కాదు, కానీ మనకు అచ్చంగా సరిపోతుంది. 20 కంప్యూటర్లున్న ఒక్క గదిలో 60 మంది పిల్లలు పోటీ పడవచ్చు. జట్టు వల్ల ఇంకో మేలూ ఉంది. ఒంటరిగా ఓడిన పిల్ల ‘నాకు రాదు’ అనుకుంటుంది. ముగ్గురు కలిసి ఓడితే బస్సులో తిరిగి వస్తూ ‘ఆ మూడోది ఇలా చేసి ఉంటే’ అని వాదించుకుంటారు. ఆ వాదులాట బడికి మిగిలే మొదటి ఆస్తి.

కాంటా దగ్గర కూర్చున్న ప్రశ్న

పోటీ నిర్వహణ అనగానే హాలు, భోజనాలు, అతిథులు, బ్యానర్ల గురించి ఆలోచిస్తాం. నిజానికి ఖర్చు పెట్టాల్సింది ప్రశ్నపత్రం మీద. మిగతావన్నీ సాయంత్రానికి మాయమవుతాయి, బడికి చేరేది అదొక్కటే. మంచి ప్రశ్న ఎలా ఉంటుందో ఈ నేల మీదే చూడొచ్చు. వరి కోతలయ్యాక కొనుగోలు కేంద్రంలో ధాన్యం కుప్పలు పోసుకుని రైతులు కాంటా కోసం ఎదురుచూడటం ఇక్కడి పిల్లలందరికీ తెలిసిన దృశ్యం. నలుగురు రైతులున్నారనుకుందాం. వాళ్ల ధాన్యం తూకానికి వరుసగా 5, 2, 9, 1 గంటలు పడుతుంది. కాంటా ఒక్కటే. వచ్చిన వరుసలోనే తూస్తే వారి పని 5, 7, 16, 17వ గంటలకు ముగుస్తుంది. నలుగురూ కేంద్రంలో గడిపిన కాలమంతా కలిపితే 45 గంటలు. తక్కువ ధాన్యం ఉన్నవారిని ముందు పంపితే 1, 3, 8, 17వ గంటలకు ముగుస్తుంది, మొత్తం 29. కాంటా అదే, హమాలీలు వారే, వరుస మారితే 16 గంటలు మిగిలాయి. ఎనిమిదో తరగతి పిల్ల కూడికలతోనే దీన్ని కనిపెట్టగలదు. ఎందుకు ఎప్పుడూ ఇదే మంచి వరుస అని అడిగితే మాత్రం ఆలోచించాలి: ముందు నిలబడ్డవాడి గంటలు వెనకున్న అందరి మీదా పడతాయి, కాబట్టి ముందువాడి పని చిన్నదిగా ఉండాలి.

ఇప్పుడు రెండో కాంటా తెద్దాం. ఒకదాని మీద 1, 5 గంటల కుప్పలు, రెండోదాని మీద 2, 9 గంటల కుప్పలు పెడితే రైతులు గడిపిన కాలం మొత్తం 20 గంటలకు దిగుతుంది, కానీ కేంద్రం మూతపడేది 11వ గంటకు. అలా కాదు, హమాలీలు వీలైనంత తొందరగా ఇంటికి వెళ్లాలంటే 9 గంటల కుప్పను ఒక్కదాన్నీ ఒక కాంటాకు వదిలి, మిగతా మూడూ రెండోదానికి ఇవ్వాలి. అప్పుడు 9వ గంటకే కేంద్రం కట్టేయవచ్చు, కానీ రైతుల కాలం 21 గంటలవుతుంది. రెండు కోరికలూ ఒక్క వరుసతో తీరవు. ఇంతవరకూ కాగితమే చాలు. అదే ప్రశ్నను డివిజన్ స్థాయిలో ‘ఒక్క కాంటా, లక్ష మంది రైతులు’ అని మారిస్తే ప్రోగ్రామ్ రాయక తప్పదు. అక్కడ ప్రతి కుప్పనూ మిగతా ప్రతి కుప్పతో పోల్చే పద్ధతికి దాదాపు 500 కోట్ల పోలికలు పడతాయి. సగానికి సగం విడగొట్టి, వరుసలో పెట్టి, కలుపుకుంటూ వచ్చే పద్ధతికి సుమారు 17 లక్షలు చాలు. మొదటిదానికి కొన్ని మార్కులు, రెండోదానికి పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లోనూ ఇలా ఒక్కో ప్రశ్నను ఉపభాగాలుగా విడగొట్టే మార్కులు వేస్తారు. ఒక్క ప్రశ్న బడి నుంచి డివిజన్ దాకా మెట్టు మెట్టుగా ఎదగగలిగితే, బడి దగ్గరే ఆగిపోయిన జట్టుకు కూడా పై మెట్టు ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

ఇలాంటి ప్రశ్నలు ఊళ్లలోనే పుడతాయి కాబట్టి నమోదు రుసుము బదులు ఒక షరతు పెట్టడం మంచిది. పోటీకి వచ్చే ప్రతి బడీ తన ఊరి నుంచి ఒక సమస్యను రాసి తేవాలి. కాలువ చివరి పొలాలకు నీటి వంతులు, చెరుకు లోడు బండ్ల వరుస, మధ్యాహ్న భోజనానికి నాలుగు తరగతులను ఏ క్రమంలో పంపితే గంటలో ముగుస్తుంది, ఇలా ఏదైనా సరే. దాన్ని సరైన ప్రశ్నగా మలచడం నిర్వాహకుల పని. ఏటా వాటిలోంచి రెండుమూడు ప్రశ్నలను ఎంచుకుని, ఏ బడి నుంచి వచ్చాయో కింద అచ్చువేయాలి. పోటీలో వెనకబడిన బడి కూడా ప్రశ్నలో ముందుండవచ్చు. పోటీ ముగిశాక ప్రశ్నలు, జవాబులు, ఆ జవాబుకు ఎలా చేరాలన్న వివరణ కలిపి చిన్న పుస్తకంగా ప్రతి జట్టుకూ ఇవ్వాలి. ప్రశ్నపత్రాన్ని రహస్య పత్రంలా వెనక్కి లాక్కునే అలవాటు పోటీకి పట్టిన చీడ.

ప్రశ్న ఏ భాషలో?

ప్రోగ్రామింగ్ భాషలే ఇంగ్లీషు మాటలతో ఉన్నప్పుడు ప్రశ్న తెలుగులో ఎందుకన్నది తరచూ వినిపించే అభ్యంతరం. దీనికి జవాబు ప్రపంచ పోటీలోనే ఉంది. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో పరీక్షకు ముందురోజు ఆయా దేశాల జట్టు నాయకులు కూర్చుని, ప్రశ్నలను తమ పిల్లల భాషల్లోకి మార్చుకుంటారు. జపాన్ పిల్లవాడు జపాన్ భాషలో, ఇరాన్ పిల్లవాడు పారశీకంలో ప్రశ్న చదివి, అదే సీ ప్లస్ ప్లస్‌లో జవాబు రాస్తాడు. ‘ఇఫ్’, ‘వైల్’ లాంటి గుప్పెడు మాటలు నేర్చుకోవడం వేరు, అర పేజీ పొడవున్న పరిస్థితిని అర్థం చేసుకోవడం వేరు. ప్రశ్న అర్థం కాక ఓడిన పిల్లకు ప్రోగ్రామింగ్ రాదని తీర్పు చెప్పడం అన్యాయం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం తెచ్చినప్పుడు పాఠ్యపుస్తకాలను ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లీషుగా అచ్చువేశారు. ప్రశ్నపత్రానికి ఆ అచ్చే సరిపోతుంది. కావలసినచోట ఉర్దూ ప్రతి కూడా ఉండాలి. అయితే తెలుగు అన్నంత మాత్రాన చాలదు. ‘దిగువ ఇవ్వబడిన దత్తాంశముల నుండి గరిష్ఠ విలువను గణించుము’ అన్నది ఇంగ్లీషు కంటే దూరంగా ఉంటుంది. లూప్‌ను లూప్ అనే అనాలి, కుప్పను కుప్ప అనాలి, వాక్యం పొట్టిగా ఉండాలి. అచ్చుకు ముందు పోటీతో సంబంధం లేని ఎనిమిదో తరగతి పిల్లకు చదివించి, ఏం అడిగారో ఆమెను చెప్పమనడమే ప్రశ్నపత్రానికి అసలు పరీక్ష.

గది, కరెంటు, క్యాలెండరు

డివిజన్ స్థాయి పోటీకి ఇంటర్నెట్ కావాలన్నది అపోహ. డీఓఎంజడ్జ్, 2012 ఇటలీ ఒలింపియాడ్‌కోసం తయారైన సీఎంఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒక మంచి కంప్యూటరును సర్వరుగా పెట్టి, గదిలోని మిగతావాటిని తీగలతో దానికి కలిపితే చాలు. పిల్లలు పంపిన ప్రోగ్రామును అది ముందే దాచిన పరీక్షాంకెలతో నడిపి, జవాబు సరిచూసి, సమయం కొలిచి మార్కులు వేస్తుంది. బయటి ఇంటర్నెట్ లేకపోవడం ఇక్కడ లోపం కాదు, కాపలా. బాన్సువాడలోని కళాశాలల్లో అలాంటి గది ఒకటి దొరికితే పని జరుగుతుంది. పరీక్షాంకెలు తయారుచేయడం, ప్రోగ్రాములను ముందుగా రాసి చూడటం మాత్రం తెలిసినవాళ్లు చేయాలి. వాళ్లు దూరాన లేరు. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలను చేర్చుకునే బాసర ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఉంది. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడ్డ తెలంగాణ విశ్వవిద్యాలయానికి కామారెడ్డి జిల్లా భిక్కనూరులో దక్షిణ ప్రాంగణం ఉంది. ఇక్కడి బడుల్లోంచే వెళ్లిన విద్యార్థులు అక్కడ ఉంటారు. ఒక సెలవు వారాన్ని వాళ్లు సొంత ఊరి బడికి ఇవ్వగలరు. నిర్వాహకులు, కరెంటు పోతే ఎంత సమయం కలుపుతారో, కంప్యూటరు ఆగితే ఏం చేస్తారో ముందే రాసి చదివి వినిపించాలి. పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము నిదానంగా నడుస్తుంది కనుక దానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. కీబోర్డు కొత్త అయిన జట్ల కోసం ముందురోజు సాయంత్రం సాధనకు గది తెరవాలి. పద్ధతిని కాగితం మీద సరిగ్గా వివరించిన జట్టుకు, టైపులో తడబడినా, కొన్ని మార్కులు రావాలి.

ఎవరు రావాలన్నదీ ఓడిన బడికి ఏం మిగలాలన్న కొలత నుంచే తేలుతుంది. పదో తరగతిని పక్కన పెట్టి, 8, 9 తరగతులకే పోటీ పెట్టడం మంచిది. పదో తరగతివారు గెలిచినా ఓడినా మార్చిలో బోర్డు పరీక్ష రాసి బడి వదిలిపోతారు, నేర్చినది వాళ్లతోనే పోతుంది. ఎనిమిదో తరగతివారు ఓడితే ఇంకో రెండేళ్లు అక్కడే ఉండి కింది తరగతికి నేర్పుతారు. బడి స్థాయి ఆగస్టులో, మండల స్థాయి దసరా సెలవులకు ముందు, డివిజన్ స్థాయి కోతలూ కొనుగోళ్లూ ముగిశాక డిసెంబరులో పెడితే వ్యవసాయపు రోజులకూ అడ్డం రాదు. జట్టులో కనీసం ఒక్క అమ్మాయి ఉండాలన్న నియమం తప్పనిసరి. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో అమ్మాయిలు కొద్దిమందే కనిపించడం చూసే 2021లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నుంచి యూరప్ బాలికల ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ మొదలుపెట్టారు. పైన జరిగిన పొరపాటును మనం కింద నుంచే దిద్దుకోవచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు కాబట్టి, మద్నూర్ నుంచి బాన్సువాడ దాకా అమ్మాయిలకు ప్రయాణం ఖర్చు కూడా కాదు. ఇక మిగిలేది అబ్బాయిల ఛార్జీలు, మధ్యాహ్న భోజనం, అచ్చు ఖర్చు. ఒక గ్రామ యువజన సంఘం వినాయక చవితికి పోగుచేసే చందాతో పోలిస్తే ఇది మోయలేని బరువేమీ కాదు.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం బలమైనదే: ఎంత జాగ్రత్తపడినా పట్టణపు ప్రైవేటు బడులే గెలుస్తాయి, తర్వాత కోచింగ్ వాళ్లు దిగుతారు. ఐఐటీ, ఎంసెట్‌ల చుట్టూ తెలుగు నేల మీద పెరిగిన కోచింగ్ వ్యాపారాన్ని చూసినవారు ఈ భయాన్ని కొట్టిపారేయలేరు. కానీ కోచింగ్ ఎక్కడ పెరుగుతుంది? ఒకే ర్యాంకు, దాని వెనక ఒకే సీటు ఉన్నచోట. ఇక్కడ సీటు లేదు. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లోనే పాల్గొన్నవారిలో దాదాపు సగం మందికి పతకాలు, అవీ 1:2:3 నిష్పత్తిలో స్వర్ణ, రజత, కాంస్యాలుగా ఇస్తారు. మన పోటీ కూడా ర్యాంకుల జాబితా కాక మూడు శ్రేణులే ప్రకటించాలి. ప్రతి మండలం నుంచి ఒక ప్రభుత్వ బడి జట్టయినా డివిజన్ స్థాయికి వచ్చేలా స్థానాలు కేటాయించాలి. బడులు తెచ్చిన ఊరి సమస్యలతో ఏటా ప్రశ్నలు మారుతుంటే, కంఠస్థం పట్టించడానికి కోచింగ్ చేతికి ఏదీ చిక్కదు.

రెండో అభ్యంతరం కొత్తది. 2025లో అంతర్జాతీయ ఒలింపియాడ్ ప్రశ్నల్లోనే స్వర్ణ పతకం స్థాయి మార్కులు సాధించామని కృత్రిమ మేధ తయారీ సంస్థలు ప్రకటించాయి. ప్రోగ్రాము యంత్రమే రాస్తుంటే పల్లె పిల్లకు ఈ కష్టం ఎందుకు? దీనికి కాంటా ప్రశ్నే జవాబు. యంత్రం లక్ష కుప్పలను క్షణంలో వరుసలో పెడుతుంది. కానీ రైతుల ఎదురుచూపు తగ్గించాలా, హమాలీలు తొందరగా ఇల్లు చేరాలా, ముందొచ్చినవాడికే ముందు అన్న న్యాయం పాటించాలా అన్నది యంత్రం తేల్చేది కాదు. 9 గంటల కుప్పవాడు ‘నేను ముందొచ్చాను, చివరికి ఎందుకు నెట్టారు’ అని నిలదీస్తే జవాబు చెప్పాల్సింది మనిషే. ఏ కోరికకు ఏ వరుస వస్తుందో అర్థమైనవారే అలాంటి నిర్ణయాల్లో మాట్లాడగలరు. రేపు నీటి వంతులూ రుణాల అర్హతలూ కంప్యూటర్లే నిర్ణయించే కాలంలో, ఆ లెక్క ఎలా జరిగిందని అడగడం తెలిసిన పిల్లలు పల్లెకు ఎక్కువ అవసరం. వీరిలో ఎంతమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులవుతారన్న ప్రశ్న కూడా ఇక్కడే చిన్నబోతుంది. కబడ్డీ ఆడినవారంతా ఆటగాళ్లు కావాలని ఎవరూ అనుకోలేదు.

మూడో అభ్యంతరం పోటీ అన్న భావన మీదే: పిల్లల మధ్య పోలిక ఎందుకు, శిబిరం పెట్టి నేర్పితే చాలదా? శిబిరం మంచిదే. కానీ శిబిరానికి బయటివారు వచ్చి నేర్పి వెళ్తారు, 2008 నాటి బోధకుల్లాగే. పోటీకి సిద్ధం కావాల్సింది బడే. బయటివారు లేని రోజుల్లో కూడా బడిని కదిలించే గుణం పోటీలో ఉంది. దాని విషం ఒంటరి ర్యాంకులో ఉంటుంది, దాన్ని జట్టు, శ్రేణులు, బడి తెచ్చే ప్రశ్న చాలావరకు విరిచేస్తాయి.

కాంటా దగ్గర దేన్ని తగ్గించాలనుకున్నామో దాన్నిబట్టి వరుస మారింది. పోటీ నిర్వహణా అంతే. మెరిసే ఒక్క విజేత కావాలనుకుంటే ఇంగ్లీషు ప్రశ్నలు, పట్టణపు గది, ఒక్కొక్కరికి ఒక కంప్యూటరు, ఒక్క రోజు చాలు; ఆ విజేత తప్పక దొరుకుతాడు. ఓడిన బడికి ఏదో మిగలాలనుకుంటే కాగితం ముందుకొస్తుంది, రెండు భాషలొస్తాయి, జట్టొస్తుంది, ఎనిమిదో తరగతి వస్తుంది, కంప్యూటరు చివరికి జరుగుతుంది. ఏ లెక్కతో మొదలుపెట్టామన్నది మొదటి ఏడాది సభలో ఎవరికీ కనిపించదు. రెండు పోటీలకూ శాలువాలు ఒకలాగే ఉంటాయి. తేడా రెండో ఏడు ఆగస్టులో కనిపిస్తుంది. పేర్లు ఇచ్చిన బడుల్లో పోయిన ఏడు ఓడినవి ఎన్ని ఉన్నాయో, అవి ఈసారి తమ ఊరి నుంచి ఏ సమస్య రాసి తెచ్చాయో చూస్తే చాలు. ఆ లెక్కకు ప్రోగ్రాము కూడా అక్కర్లేదు.